డైపోల్ యాంటెన్నా: దాని లక్షణం గ్రహించి కట్టుకునే పద్ధతి

అమెచ్యూర్ రేడియో లైసెన్సు చేతికి వచ్చిన తరువాత ఎవరికైనా ఎదురయ్యే మొదటి ప్రశ్న యాంటెన్నా గురించే. అనుభవం ఉన్న హ్యాములను, అంటే అమెచ్యూర్ రేడియో వాడేవారిని, అడిగితే ఎక్కువమంది చెప్పే సమాధానం కూడా ఒక్కటే: ముందు ఒక డైపోల్ కట్టండి. రెండు తీగలు, మూడు ఇన్సులేటర్లు, ఒక కేబుల్ ఉంటే పని అయిపోతుంది కనుక, దీనిని తేలిక పని అనుకుని కొలతలు మాత్రమే అడిగి తెలుసుకుని కట్టేవారు చాలామంది ఉంటారు. వారి డైపోల్ మొదటిరోజే సవ్యంగా పనిచేస్తే మంచిదే. చేయనప్పుడు మాత్రం ఎక్కడ వెతకాలో తోచదు, ఎందుకంటే ఆ కొలతలు ఎక్కడి నుంచి వచ్చాయో వారికి తెలియదు. అందువల్ల డైపోల్‌ను డైపోల్‌గా నిలబెట్టేది ఏమిటో ముందు వివరించి, కట్టే పనిలోని ఒక్కొక్క అడుగునూ దాని నుంచే రాబట్టి చూపుతాను.

ముందుగా తీగ మీది కరెంటును ఊహించుకోండి

డైపోల్ అంటే రెండు ధ్రువాలు గలది. రెండు సమానమైన వాహక భుజాలు ఒకదానికొకటి ఎదురుగా చాచి ఉండి, వాటి నడుమ ఉన్న ఖాళీలో శక్తిని అందిస్తే అది డైపోల్ అవుతుంది. ఒక భుజం ధనావేశం పొందిన క్షణంలో రెండవది రుణావేశం పొందుతుంది, మరుక్షణం అవి తారుమారవుతాయి. 1880ల చివరి భాగంలో హైన్రిచ్ హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలను ప్రయోగశాలలో నిరూపించినప్పుడు వాడిన ప్రసారకం కూడా మౌలికంగా ఇదే: రెండు భుజాలు, వాటి నడుమ నిప్పురవ్వ ఎగిరే సందు. తీగ రాగిదా అల్యూమినియందా, అడ్డంగా కట్టారా ఏటవాలుగా కట్టారా అన్నవి డైపోల్ లక్షణాలు కావు. దానికి భూమిని రెండవ భుజంగా వాడుకోవలసిన అవసరం లేదన్నదే ముఖ్యమైన విషయం. పావు తరంగపు నిలువు యాంటెన్నాకు నేల మీద పరిచిన రేడియల్ తీగలు కావాలి. డైపోల్‌కు కావలసిన రెండవ సగం దానిలోనే ఉంది.

మొత్తం పొడవు అర తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉండటం కూడా నిజానికి నిర్వచనంలో భాగం కాదు. అంతకంటే పొట్టివి, పొడుగువి కూడా డైపోల్‌లే. అయితే అర తరంగం దగ్గర తీగ అనునాదంలోకి వస్తుంది, అంటే కేబుల్‌కు అది దాదాపు శుద్ధమైన నిరోధంలా కనిపిస్తుంది. ఖాళీ అంతరిక్షంలో ఆ నిరోధం 70 ఓమ్‌ల పరిసరాలలో ఉంటుంది. మన ట్రాన్స్‌సీవర్లు (పంపడానికి, వినడానికి రెంటికీ పనికివచ్చే రేడియోలు) కోరుకునే 50 ఓమ్‌లకు ఇది చాలా దగ్గర కనుకనే, ఈ తేడాను సరిపెట్టే ఏ ట్యూనరూ లేకుండా నేరుగా కలపగల యాంటెన్నాగా అర తరంగపు డైపోల్ స్థిరపడిపోయింది. హ్యాములు విశేషణం లేకుండా డైపోల్ అన్నారంటే దీని గురించే మాట్లాడుతున్నారని అనుకోవచ్చు.

ఇప్పుడు ఆ తీగ పొడవునా కరెంటు ఎలా పరుచుకుని ఉంటుందో మనసులో గీసుకోండి. తీగ చివర దాటి కరెంటు వెళ్లడానికి దారి లేదు కాబట్టి అక్కడ అది సున్నా. మధ్యలో గరిష్ఠం. నడుమ కొండలాంటి వంపు. ఒక భుజంలో సగం దూరం వెళ్లేసరికి కరెంటు మధ్యలో ఉన్నదానిలో దాదాపు 70 శాతం ఉంటుంది. ముప్పావు దూరం వెళ్లేసరికి 38 శాతానికి పడిపోతుంది. వోల్టేజి దీనికి సరిగ్గా వ్యతిరేకం: మధ్యలో తక్కువ, చివరలలో అత్యధికం. ఈ ఒక్క చిత్రం మీ మనసులో నిలిస్తే, ఇకపై చెప్పబోయే ప్రతి జాగ్రత్తకూ కారణం మీకే తడుతుంది. ప్రసారం చేసేది కరెంటు కనుక మధ్య భాగాన్ని ఎత్తుగా, ఖాళీగా ఉంచాలి. వోల్టేజి చివరలలో ఉంటుంది కనుక అక్కడ ఇన్సులేటర్ మంచిది కావాలి, మనిషి చేయి అందకూడదు.

పొడవు లెక్క కట్టండి

తరంగదైర్ఘ్యాన్ని మీటర్లలో తెలుసుకోవడానికి 300ని మెగాహెర్ట్జ్‌లలోని ఫ్రీక్వెన్సీతో భాగించాలని మీకు తెలిసే ఉంటుంది. అందులో సగం కావాలి కనుక 150ని భాగించాలి. కానీ నిజమైన తీగకు మందం ఉంటుంది, చివరలలో ఇన్సులేటర్లు ఉంటాయి, చుట్టూ నేల, చెట్లు, గోడలు ఉంటాయి. వీటివల్ల తీగ తన అసలు పొడవు కంటే కొంచెం పొడుగైనదానిలా ప్రవర్తిస్తుంది. అందుకే సుమారు 5 శాతం తగ్గించి, 143ని ఫ్రీక్వెన్సీతో భాగించడం వాడుకలోకి వచ్చింది. అడుగుల లెక్కలో హ్యాములు తరచూ చెప్పే 468 అన్న సంఖ్య కూడా ఇదే.

ఈ లెక్కన 7.1 మెగాహెర్ట్జ్‌కు మొత్తం పొడవు 20.14 మీటర్లు, ఒక్కో భుజం 10.07 మీటర్లు. 14.2కు మొత్తం సుమారు 10.07, 21.2కు 6.75, 28.5కు 5.02 మీటర్లు వస్తాయి. 3.6 మెగాహెర్ట్జ్‌కు 39.7 మీటర్లు కావాలి. అంత స్థలం అందరికీ ఉండదు.

ఈ సంఖ్యలను ఆరంభ బిందువుగానే చూడండి, తుది కొలతగా కాదు. ప్లాస్టిక్ తొడుగు ఉన్న తీగ వాడితే అనునాదపు పొడవు మరో రెండు నుంచి ఐదు శాతం దాకా తగ్గుతుంది. నేలకు దగ్గరగా కట్టినా మారుతుంది. అందువల్ల ఒక్కో భుజాన్ని లెక్కకు మించి 30 సెంటీమీటర్లు ఎక్కువగా కోయండి. ఎక్కువైన తీగను తగ్గించడం నిమిషాల పని. తక్కువైన తీగకు అతుకు వేస్తే, గాలికి ఊగేచోట అది ఎప్పటికీ బలహీనతగానే మిగులుతుంది.

ఇక్కడ కొత్తవారు తరచూ పొరబడే ఒక విషయం చెప్పాలి. రేడియోను యాంటెన్నాకు కలిపే కోయాక్సియల్ కేబుల్ (కోయాక్స్: మధ్య తీగ, దాని చుట్టూ రాగి అల్లిక గల కేబుల్) వివరాలలో వెలాసిటీ ఫ్యాక్టర్, అంటే కాంతి వేగంతో పోల్చిన తరంగ వేగం, 0.66 అని కనిపిస్తుంది. అది కేబుల్ లోపల ప్రయాణించే తరంగానికి సంబంధించినది. డైపోల్ భుజాల లెక్కలో దానికి చోటు లేదు.

ఒక బ్యాండుకు కట్టిన డైపోల్ మరో బ్యాండుకు పనికివస్తుందా అన్న ప్రశ్నకు కూడా కరెంటు చిత్రమే జవాబు చెబుతుంది. 7 మెగాహెర్ట్జ్ డైపోల్ మీద 14 మెగాహెర్ట్జ్ పంపితే తీగ పూర్తి తరంగమంత అవుతుంది. అప్పుడు మధ్యలో కరెంటు అతి తక్కువ, వోల్టేజి అతి ఎక్కువ, ఇంపీడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే మొత్తం అడ్డు) వేల ఓమ్‌లు. కోయాక్స్‌తో అది కుదరదు. 21 మెగాహెర్ట్జ్‌లో తీగ మూడు అర తరంగాలంత అవుతుంది. మధ్యలో మళ్లీ కరెంటు గరిష్ఠం, ఇంపీడెన్స్ మళ్లీ అందుబాటులోకి వస్తుంది. అందుకే 40 మీటర్ల బ్యాండు (తరంగదైర్ఘ్యాన్ని బట్టి 7 మెగాహెర్ట్జ్‌కు ఉన్న పేరు) డైపోల్‌ను 15 మీటర్ల (21 మెగాహెర్ట్జ్) బ్యాండులో కూడా వాడుకునేవారు ఉన్నారు. అయితే ఆ అనునాదం సరిగ్గా మూడు రెట్ల దగ్గర కాక, కాస్త పైన వస్తుంది.

తీగ, ఇన్సులేటర్లు, తాడు సమకూర్చుకోండి

దాదాపు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల మందం గల పలుపోగుల రాగి తీగ చాలా సందర్భాలకు సరిపోతుంది. మెత్తని రాగి ఒంటిపోగు తీగ తన బరువుకు తానే సాగుతుంది. కొన్ని నెలలలో అనునాదం కిందికి జరగడానికి అది చాలు. చివరల ఇన్సులేటర్లకు పింగాణీవి ఉత్తమం, గట్టి ప్లాస్టిక్ ముక్కకు రెండు చోట్ల రంధ్రాలు చేసినా సరిపోతుంది. వేళ్ల మధ్య పట్టేంత చిన్నది కాక, రెండు రంధ్రాల మధ్య ఏడెనిమిది సెంటీమీటర్లు ఉండేది ఎంచుకోండి. తాడు మాత్రం ఎండకు చివికిపోనిది కావాలి. ఆ గుణం పాలియెస్టర్‌కు ఉంది. నైలాన్ సాగుతుంది, తడిస్తే మరింత సాగుతుంది.

తీగను ఇన్సులేటర్ రంధ్రంలో దూర్చి వెనక్కి మడిచి, తన మీద తానే చుట్టుకునేలా మెలి తిప్పండి. భుజం పొడవును ఆ మడత అంచు వరకే లెక్కించండి. ఈ దశలో మెలి వేసిన తోకను కోయవద్దు, టంకం కూడా పెట్టవద్దు. పొడవు సరిచేయడానికి దానితో పని ఉంది.

మధ్య భాగాన్ని తొందరపడకుండా తయారుచేయండి

డైపోల్ పాడయ్యే చోటు ఎక్కడ అని నన్ను అడిగితే మధ్య భాగమే అని చెబుతాను. అక్కడ కరెంటు ఎక్కువ, కేబుల్ బరువంతా వేలాడేది అక్కడే, నీరు చొరబడేది అక్కడే. కాబట్టి మిగిలిన పని అంతటికీ పట్టినంత సమయం దీనికి పట్టినా నష్టం లేదు.

కోయాక్స్ పైతొడుగును చివర నుంచి పది సెంటీమీటర్ల మేర గుండ్రంగా గాటు పెట్టి తొలగించండి. గాటు లోతుగా దిగి కింది అల్లిక పోగులు తెగకుండా, బ్లేడును తేలికగా తిప్పి, కేబుల్‌ను వంచితే తొడుగు గాటు దగ్గర విచ్చుకుంటుంది. బయటపడిన అల్లికను కత్తిరించకండి. దాని మొదట్లో మొద్దుబారిన మేకు మొనతో పోగులను పక్కకు జరిపి ఒక చిన్న కన్ను చేసి, అందులోంచి లోపలి తెల్లని భాగాన్ని వంచి బయటకు లాగండి. ఖాళీ అయిన అల్లిక గొట్టాన్ని సాగదీసి మెలితిప్పితే అదే ఒక గట్టి తీగ అవుతుంది. తెల్లని భాగపు చివర రెండు సెంటీమీటర్లు ఒలిచి మధ్య తీగను బయటపెట్టండి. ఇప్పుడు మీ చేతిలో రెండు కొసలు ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కో భుజానికి వెళ్లాలి. ఈ పది సెంటీమీటర్లు కూడా భుజంలో భాగమేనని, కరెంటు వాటి మీద కూడా ప్రవహిస్తుందని మరవకండి.

రెండు భుజాలను మధ్య ఇన్సులేటర్‌కు ముందే గట్టిగా కట్టి ఉంచాలి. తీగల లాగుడంతా ఇన్సులేటర్ మీద పడాలి, టంకం మీద కాదు. అలాగే కేబుల్‌ను ఇన్సులేటర్ మీదుగా ఒక మెలిక తిప్పి కట్టండి. దాని బరువు కూడా టంకం మీద పడకూడదు. ఆ తరువాతే కొసలను భుజాలకు చుట్టి, తీగ బాగా వేడెక్కేదాకా ఆగి, టంకం దానంతట అదే పోగుల మధ్యకు పాకేలా పెట్టండి.

ఇక నీరు. కోయాక్స్ అల్లిక దీపపు వత్తి లాంటిది. తెరిచి ఉన్న కొసకు ఒక వాన తగిలితే చాలు, నీరు పోగుల సందుల్లోంచి మీటర్ల దూరం లోపలికి పాకుతుంది. కొన్నాళ్ల తరువాత ఆ కేబుల్‌ను కోసి చూస్తే మెరవవలసిన రాగి నల్లగా మారి కనిపిస్తుంది. అలాంటి కేబుల్ శక్తిని తినేస్తుంది, ఎండబెట్టినా మళ్లీ బాగుపడదు. కనుక అతుకు మొత్తాన్ని తనకు తాను అంటుకునే రబ్బరు టేపుతో సాగదీస్తూ చుట్టి, దాని మీద మామూలు విద్యుత్ టేపు చుట్టండి. టేపును కింద నుంచి పైకి చుట్టుకుంటూ పోతే పొరలు ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పడి నీటిని జార్చేస్తాయి.

బాలన్ పెట్టండి, దానిని అనవసరమనుకోకండి

డైపోల్ సమతుల్యమైనది. రెండు భుజాలూ సమానం. కోయాక్స్ అలా కాదు. లోపలి తీగ మీద వచ్చిన కరెంటు ఒక భుజంలోకి వెళ్లక తప్పదు. అల్లిక లోపలి ముఖం మీద వచ్చిన కరెంటుకు మాత్రం కొస దగ్గర రెండు దారులు కనిపిస్తాయి: రెండవ భుజం ఒకటి, అల్లిక బయటి ముఖం మీదుగా కిందికి దిగిపోవడం మరొకటి. ఆ రెండవ దారి పట్టిన కరెంటుకు మీ కేబుల్ మూడవ భుజం అవుతుంది. డైపోల్ నిర్వచనంలోని సమానత్వమే అక్కడ దెబ్బతింటుంది. ఆ రెండవ దారిని అడ్డుకునేదే బాలన్.

నా మొదటి డైపోల్‌కు నేను బాలన్ పెట్టలేదు. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (యాంటెన్నా కేబుల్‌కు ఎంత సరిపోయిందో చూపేది, 1 అంటే పూర్తిగా సరిపోయినట్టు) మంచి అంకే చూపింది కనుక దాని లోటు నాకు తెలియలేదు. ఒక సాయంత్రం లోహపు జాలీ ఉన్న మైకును నోటికి దగ్గరగా పెట్టుకుని మాట్లాడుతుండగా పెదవి మీద సూదితో గుచ్చినట్లు చురుక్కుమంది. కేబుల్ బయటి ముఖం మీదుగా గదిలోకి దిగిన కరెంటే అది. మరునాడు బాలన్ కట్టాక చురుకు పోయింది, దానితోపాటు బ్యాండు మీద ఎప్పుడూ వినిపించే గరగర కూడా గణనీయంగా తగ్గింది. ఇంట్లోని విద్యుత్ పరికరాల రొదను అంతవరకూ ఆ కేబులే మోసుకొస్తున్నదని అప్పుడు అర్థమైంది. బాలన్ వల్ల ప్రసారానికి కలిగే మేలు గురించి అందరూ చెబుతారు, వినికిడికి కలిగే మేలు నా దృష్టిలో అంతకంటే పెద్దది.

డైపోల్‌కు కావలసింది ఇంపీడెన్స్‌ను మార్చని 1:1 కరెంటు బాలన్. దానిని చోక్ అని కూడా అంటారు. రెండున్నర అంగుళాలకు కొంచెం తక్కువ వ్యాసం గల 31వ రకం ఫెర్రైట్ ఉంగరం మీద సన్నని కోయాక్స్‌ను పది పన్నెండు చుట్లు తిప్పితే హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) బ్యాండులలో చాలావాటికి పనికివచ్చే చోక్ తయారవుతుంది. ఫెర్రైట్ దొరకనప్పుడు, 14 మెగాహెర్ట్జ్‌కు పై బ్యాండులకైతే కేబుల్‌నే పదిహేను, ఇరవై సెంటీమీటర్ల వ్యాసంతో ఆరు నుంచి ఎనిమిది చుట్లు పక్కపక్కనే చుట్టి కట్టినా కొంత ప్రయోజనం ఉంటుంది. కింది బ్యాండులకు ఆ చుట్ట చాలదు. చోక్‌ను తప్పనిసరిగా యాంటెన్నా మధ్య భాగం దగ్గరే పెట్టండి. అక్కడి నుంచి కేబుల్ తీగలకు లంబంగా, వీలైనంత దూరం నిటారుగా కిందికి దిగాలి. ఒక భుజం కిందుగా దానితో సమాంతరంగా పోతే, చోక్ ఆపిన కరెంటే ప్రేరణ వల్ల మళ్లీ కేబుల్ మీదికి వస్తుంది.

కేబుల్ ఎంపిక గురించి ఒక్క మాట. 30 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ 7 మెగాహెర్ట్జ్‌లో మీ శక్తిలో దాదాపు పావు వంతును, 28 మెగాహెర్ట్జ్‌లో నలభై శాతానికి పైగా వేడిగా మార్చేస్తుంది. కింది బ్యాండులకు, తక్కువ దూరాలకు అది చాలు. పై బ్యాండులకు ఆర్‌జీ-213 వంటి లావు కేబుల్ మేలు.

ఎక్కడ, ఎంత ఎత్తున కట్టాలో నిర్ణయించండి

అన్నిటికంటే ముందు విద్యుత్ లైన్లను చూడండి. తీగ తెగి ఏ వైపు పడినా, తాడు విసిరేటప్పుడు ఏ వైపు జారినా అది కరెంటు తీగలను తాకలేనంత దూరం ఉండాలి. లైన్ల పైనుంచి గానీ కిందినుంచి గానీ యాంటెన్నాను దాటించకూడదు. ఈ తప్పు ఎందరో హ్యాముల ప్రాణాలు తీసింది. ఇందులో మినహాయింపు లేదు.

ఆ తరువాత ఎత్తు. సమాంతరంగా కట్టిన డైపోల్ అర తరంగం ఎత్తున ఉంటే దాని ప్రసారం క్షితిజానికి సుమారు 30 డిగ్రీల కోణంలో గరిష్ఠంగా ఉంటుంది. పావు తరంగం ఎత్తున, అంతకు తక్కువ ఎత్తున ఉంటే గరిష్ఠం నేరుగా నడినెత్తి వైపు వెళుతుంది. ఈ సంఖ్యలను బ్యాండులతో కలిపి చూస్తే ఒక ఆసక్తికరమైన విషయం బయటపడుతుంది. పది మీటర్ల ఎత్తు 14 మెగాహెర్ట్జ్‌కు దాదాపు అర తరంగం, 7 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం. ఒకే స్తంభం మీద కట్టిన రెండు డైపోల్‌లలో ఒకటి ఖండాంతరాలకు, మరొకటి కొన్ని వందల కిలోమీటర్ల లోపు స్టేషన్లకు అనుకూలంగా ఉంటుందన్న మాట. నిటారుగా పైకి వెళ్లిన తరంగం అయనావరణం (రేడియో తరంగాలను వెనక్కి తిప్పే పై వాతావరణ పొర) నుంచి తిరిగి చుట్టుపక్కల ప్రాంతమంతా కురుస్తుంది. మీకు కావలసింది సమీప స్టేషన్లతో సంభాషణే అయితే తక్కువ ఎత్తును లోపంగా భావించి బాధపడవలసిన పని లేదు.

దిశ విషయం కూడా ఎత్తుతోనే ముడిపడి ఉంది. డైపోల్ తన తీగకు లంబంగా ఉన్న రెండు దిశలలో బలంగా, చివరల దిశలో బలహీనంగా ప్రసరిస్తుందని, పైనుంచి చూస్తే ఎనిమిది అంకెలా ఉంటుందని అందరూ చదివి ఉంటారు. అర తరంగం ఎత్తుకు చేరిన యాంటెన్నాకు ఇది వర్తిస్తుంది. పావు తరంగం ఎత్తున ఆ నడుము దాదాపు పూడుకుపోతుంది. అలాంటప్పుడు ఏ దిక్కుకు కట్టాలా అని మథనపడేకంటే, తీగ ఎక్కడ ఖాళీగా, ఎత్తుగా నిలుస్తుందో అక్కడే కట్టేయండి.

రెండు ఎత్తైన ఆధారాలు లేకపోతే మధ్య భాగాన్ని ఒక స్తంభానికి కట్టి రెండు భుజాలను ఏటవాలుగా దించవచ్చు. దీనినే ఇన్వర్టెడ్ వీ అంటారు. భుజాల మధ్య కోణం 90 డిగ్రీలకు తగ్గకూడదు, 120 ఉంటే మంచిది. ఇంపీడెన్స్ తగ్గి 50 ఓమ్‌లకు మరింత దగ్గర కావడం దీనిలోని ఒక సౌలభ్యం. పూర్తి పొడవుకు చోటు చాలకపోతే, చివరి మీటరు, మీటరున్నరను కిందికి వేలాడదీయండి లేదా పక్కకు వంచండి. అక్కడ కరెంటు తక్కువని ముందే చూశాం కనుక నష్టం స్వల్పం. అయితే ప్రసార సమయంలో 100 వాట్లకే ఆ కొసల మీద వోల్టేజి వెయ్యి వోల్టుల స్థాయికి చేరగలదు, తాకితే చర్మం కాలుతుంది. ఏ కొసా మూడు మీటర్ల కంటే కిందికి రాకుండా చూడండి.

చెట్టుకు కట్టేవారు తాడును కొమ్మకు బిగించి వదిలేయకూడదు. గాలికి రెండు చెట్లు ఎదురెదురుగా ఊగినప్పుడు తెగేది తీగే. ఒక వైపు తాడును గిలక మీదుగా దించి, చివర ఒక బరువు వేలాడదీస్తే, చెట్టు ఊగినప్పుడల్లా బరువు లేస్తూ దిగుతూ తీగను సమానమైన బిగువులో ఉంచుతుంది.

కొలవండి, లెక్కించండి, ఆ తరువాతే తగ్గించండి

యాంటెన్నాను దాని తుది ఎత్తుకు లేపాకే కొలవాలి. నడుము ఎత్తున కొలిచిన అంకె పైకి వెళ్లాక చెల్లదు. చిన్న యాంటెన్నా ఎనలైజర్ గానీ నానోవీఎన్ఏ (అదే పని చేసే చేతిలో ఇమిడే కొలత పరికరం) గానీ ఉంటే, బ్యాండుకు రెండు పక్కలా విస్తారంగా వెతికి, ఎస్‌డబ్ల్యూఆర్ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర అతి తక్కువగా ఉందో చూడండి. ట్రాన్స్‌సీవర్‌లోని మీటరుతో కొలిచేటట్లయితే మీ లైసెన్సు అనుమతించే ఫ్రీక్వెన్సీలలోనే, ఖాళీగా ఉన్నదని విని నిర్ధారించుకుని, ఐదు వాట్ల వంటి తక్కువ శక్తితో, మీ కాల్‌సైన్ చెప్పి కొలవండి.

ఒక ఉదాహరణ చూద్దాం. 7.1 మెగాహెర్ట్జ్ కోసం ఒక్కో భుజాన్ని 10.37 మీటర్లుగా, అంటే మొత్తం 20.74 మీటర్లుగా తొడుగు ఉన్న తీగతో కట్టారు. కనిష్ఠం 6.78 దగ్గర కనిపించింది. కనిష్ఠం కోరుకున్నదానికి దిగువన ఉందంటే తీగ పొడుగైందని అర్థం. ఇప్పటి పొడవును కొలిచిన ఫ్రీక్వెన్సీతో గుణించి, కావలసిన ఫ్రీక్వెన్సీతో భాగించండి: 20.74ను 6.78తో గుణించి 7.1తో భాగిస్తే 19.80 మీటర్లు వస్తుంది. మొత్తం 94 సెంటీమీటర్లు, ఒక్కో వైపు 47 సెంటీమీటర్లు తగ్గించాలి. తొడుగు లేని తీగకు చెప్పిన 20.14 కంటే ఇది తక్కువ కావడంలో వింత లేదు, ఆ తేడా తొడుగుదే.

ఒకేసారి అంతా తగ్గించకుండా ముందు ఒక్కో వైపు 35 సెంటీమీటర్లు తగ్గించి మళ్లీ కొలవండి. తగ్గించడమంటే కోయడం కాదు. చివరల మెలి విప్పి, మడతను లోపలికి జరిపి, మిగిలిన తోకను తీగ మీదే దగ్గరగా చుట్టేయండి. వెనక్కి మడిచిన తీగ విద్యుత్‌పరంగా దాదాపు లేనట్టే. రెండు వైపులా ఒకే కొలత తగ్గించాలన్నది మాత్రం మరవకండి. ఒక భుజమే తగ్గిస్తే అంకె కుదరవచ్చు గానీ సమతుల్యత పోతుంది.

ఎస్‌డబ్ల్యూఆర్ సరిగ్గా 1 రావాలని పట్టుబట్టకండి. 73 ఓమ్‌ల యాంటెన్నా 50 ఓమ్‌ల కేబుల్ మీద దాదాపు 1.5 చూపుతుంది. అది లోపం కాదు, ఆరోగ్యమైన డైపోల్ లక్షణం. 7.0 నుంచి 7.2 వరకు ఒకే డైపోల్ హాయిగా సరిపోతుంది. 80 మీటర్ల (3.6 మెగాహెర్ట్జ్ పరిసరాల) బ్యాండులో మాత్రం ఒక అంచు నుంచి మరో అంచు దాకా సరిపోదు, మీరు ఎక్కువగా వాడే భాగాన్ని ఎంచుకుని అక్కడికి సరిచేయండి. అన్ని ఫ్రీక్వెన్సీలలోనూ అంకె అనుమానాస్పదంగా బాగుంటే సంతోషించకండి. డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు పెట్టే నిరోధకం) కూడా అన్నిచోట్లా 1 చూపుతుంది, అది దేనినీ ప్రసారం చేయదు. నీరు పట్టిన కేబుల్ కూడా అంతే. బ్యాండు మధ్య లోయలా దిగి, రెండు పక్కలా పైకి లేచే వంపు కనిపిస్తేనే అది తీగ అనునాదం అని నమ్మండి.

పొడవు కుదిరాక ప్రసారం మొదలుపెట్టి, యాంటెన్నా ఎక్కడిదాకా వినిపిస్తున్నదో తెలుసుకోవాలంటే డబ్ల్యూఎస్‌పీఆర్ సంకేతాలను (ఎవరెవరికి వినిపించాయో ఇంటర్నెట్ మ్యాపులో నమోదయ్యే తక్కువ శక్తి సంకేతాలను) ఒక పగలు, ఒక రాత్రి పూర్తిగా పంపి చూడండి. పైన చెప్పిన ఎత్తు, కోణాల ప్రభావం మీకు మ్యాపు మీద స్వయంగా కనిపిస్తుంది. పిడుగుల కాలంలో వాడకం లేనప్పుడు కేబుల్‌ను రేడియో నుంచి తీసి ఇంటి బయట ఉంచండి. అది ఇంట్లోకి ప్రవేశించే చోట పిడుగు నిరోధకాన్ని పెట్టి, గట్టిగా ఎర్త్ చేయండి. కేబుల్ గోడలోకి వెళ్లేముందు ఒక వంపుగా కిందికి దిగి పైకి లేచేలా అమర్చితే వాన నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

చివరగా, పని పూర్తయిన రోజున బ్యాండు పొడవునా ఎస్‌డబ్ల్యూఆర్ అంకెలను తేదీతో సహా లాగ్ పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఆరు నెలలకోసారి, పెద్ద గాలివాన తరువాత తప్పకుండా, అవే అంకెలను మళ్లీ కొలిచి పోల్చండి. కనిష్ఠం కిందికి జరిగితే తీగ సాగింది లేదా కుంగి నేలకు దగ్గరైంది. ఒక్కసారిగా అన్నిచోట్లా అంకె పెరిగితే టంకం ఊడింది లేదా భుజం తెగింది. వంపు చదునై, అంతటా అంకె తగ్గి, దూరపు స్టేషన్లు నెమ్మదిగా వినిపించడం మానేస్తే మాత్రం మధ్య భాగాన్ని కిందికి దించి, టేపు విప్పి, కేబుల్ కొసను ఒక చేయి పొడవున కోసి అల్లిక రంగు చూడండి.